చేదు చూసే మనిషి

పోయిన సోమవారం సంగతి. కార్తీక సోమవారం కదా అని ఉపవాసం పేరు చెప్పి కాఫీ మీద కాఫీ తాగుతూ, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా కోడలు పిల్లల క్యారేజీల కోసం దోసకాయ పప్పు మొదలుపెట్టింది. కాయ చెక్కు తీసి, రెండు చెక్కలు చేసి, గింజలు గీకేసి, టకటకా ముక్కలు తరిగి తిన్నగా కుక్కర్లో పడేసింది. నా గుండె గతుక్కుమంది. చేదు చూడలేదేమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ఇప్పుడు చేదు కాయలు ఎక్కడొస్తున్నాయత్తయ్యా, అన్నీ ఒకటే రకం" అంటూ మూత బిగించింది. అన్నట్టే పప్పు నిక్షేపంగా కుదిరింది. పిల్లలు క్యారేజీలు ఖాళీ చేసుకొచ్చారు. తప్పు పట్టడానికి నాకేమీ మిగల్లేదు.

కానీ ఆ పూటంతా నా మనసు మనసులో లేదు. మా బ్రాడీపేట సందులో స్కూటర్ల మోతా, కోచింగ్ సెంటరు పిల్లల అరుపులూ ఎప్పటిలాగే వినిపిస్తున్నా, నేను మాత్రం చిలకలూరిపేట దాటాక వచ్చే నల్లరేగడి చేలలో, ఇప్పుడు లేని ఒక వసారాలో, ఇప్పుడు లేని ఒక మనిషి పక్కన చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నా వయసువాళ్లకి ఇది కొత్త జబ్బేమీ కాదు. కూరగాయ తరిగే చప్పుడు చాలు, ఏళ్లకి ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాం.

మా చిన్నప్పుడు ఆశ్వయుజం ముగుస్తుందనగా ఇంటి తీరే మారిపోయేది. వానలు వెనకపట్టి, రేగడి ఆరి, కాలికి బంక అంటుకోకుండా చేలోకి నడవగలిగే రోజులు వచ్చేవి. ఒక పక్క మిరపతోట అప్పుడప్పుడే వేరు పట్టి నిలదొక్కుకుంటూ ఉంటే, ఇంకో పక్క పత్తి పగలడం మొదలయ్యేది. తీసిన పత్తి తీసినట్టే తెచ్చి మా నడింట్లో పోసేవాళ్లు. రోజులు గడిచేకొద్దీ ఆ కుప్ప పెరిగి, మంచాలు వసారాలోకి, బియ్యం బస్తా వంటింట్లోకి జరిగి, చివరికి దేవుడి పటాలకి దణ్ణం పెట్టుకోవాలన్నా పత్తి మీద పాకుతూ వెళ్లాల్సి వచ్చేది. నేనూ మా తమ్ముడూ పచ్చి సీతాఫలాలు ఆ కుప్పలో పాతిపెట్టి, పండాయా లేదా అని గంటకోసారి చెయ్యి దూర్చి చూసేవాళ్లం. ఒక్కోసారి పండు చితికి పత్తికి మరకయ్యేది. నాన్న కేకలేసేవాడు, మేము తప్పు ఎలుకల మీదికి తోసేవాళ్లం. ఎలుకలు సీతాఫలం గింజలు అంత శుభ్రంగా చీకి ఉమ్ముతాయా అని ఆయన ఎన్నడూ అడగలేదు.

తిండి సంగతి చెప్పాలంటే, పొద్దున్నే చద్దన్నంలో గడ్డపెరుగు, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. మధ్యాహ్నం గోంగూర పచ్చడో, చేను అంచున వేసిన అలసందల పులుసో. సాయంత్రం జొన్నకంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం, ఒళ్లో పోసుకుని నముల్తుంటే పాలు కారేవి. నాగులచవితి వచ్చిందంటే చలిమిడీ, నువ్వుల చిమ్మిలీ. కార్తీకం ముదిరేసరికి ఉడకబెట్టిన తేగలు. ఇవన్నీ రాస్తుంటే నోరూరుతోంది గానీ మా డాక్టరు వింటే నా మందులు ఇంకో రెండు పెంచుతాడు.

వీటన్నిటికంటే మా ఇంట్లో పెద్దపీట బుడమకాయది. బుడమకాయ అంటే ఈతరం పిల్లలకి బొమ్మ చూపించినా తెలియదేమో. దోసకాయకి పేద చుట్టం. కోడిగుడ్డుకంటే కాస్త చిన్నగా, ఆకుపచ్చ మీద చారలతో, పత్తి సాళ్ల మధ్యా జొన్నచేలోనూ దానంతటదే మొలిచి, ఎవరూ నీళ్లు పెట్టకుండా, ఎవరూ పిలవకుండా తీగ పాకి కాసేది. పచ్చివి కోసి, పచ్చిమిరపకాయలు మగ్గించి, రోట్లో కచ్చాపచ్చాగా నూరి, వెల్లుల్లి తాలింపు పెడితే ఆ పచ్చడి ముందు విందుభోజనం దిగదుడుపే. కానీ దానితో ఒక తంటా ఉంది. ఒకే తీగ మీద పక్కపక్కన కాసిన రెండు కాయల్లో ఒకటి కమ్మగా ఉంటుంది, రెండోది నాలుక మీద పెట్టలేనంత చేదు. పైకి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. ఒక్క చేదుకాయ కలిసిందా, రోలంతా పారబోసుకోవలసిందే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. బుడమకాయ దగ్గర ఆ సామెత పనికిరాదు. ప్రతి కాయా కొరికి చూడాలి.

అది మా ఇంట్లో నాయనమ్మ పని. సాయంత్రం పూట వసారాలో గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చునేది. చేలో నుంచి వచ్చిన కాయల్ని ఒక్కొక్కటే చీర చెంగుకి తుడిచి, తొడిమ దగ్గర ముందుపళ్లతో చిటికెడంత కొరికి, నాలుక చివర పెట్టుకుని, కళ్లు చిన్నవి చేసి ఒక్క క్షణం ఆగేది. మంచిదైతే కుడి పక్కన నా చేటలోకి, చేదుదైతే ఎడమ పక్కన గేదె కుడితి తొట్టి వైపుకి. కొరికిన ముక్క మంచిదైనా చెడ్డదైనా ఉమ్మేసేది. మింగితే నాలుకకి తర్వాతి కాయ తీర్పు తప్పుతుందనేది. నేను సరదాపడి ఒకటి నోట్లో పెట్టుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చేది. చిన్నపిల్లల నోటికి చేదు ఆలస్యంగా తెలుస్తుందట, అప్పటికి సగం కాయ లోపలికి పోతుందట. నా ఎరుకలో ఆవిడ తీర్పు ఒక్కనాడూ తప్పలేదు. దోసకాయా, పొట్లకాయా, కాకరకాయ ఎంత చేదో కూడా ఆవిడే తేల్చేది. ఊళ్లో పెళ్లి వంట జరుగుతున్నా గంగాళం దించే ముందు చిన్న గిన్నెలో పులుసు పోసి మా ఇంటికి పంపేవాళ్లు. నాయనమ్మ నాలుకకి తగిలించి, ఉప్పు చాల్లేదనో, చింతపండు పాతదనో కబురు చేసేది.

ఆ నాలుకకి రెండో పని కూడా ఉండేది లెండి. మాట విసిరిందంటే ఎండుమిరపకాయ పొగ పెట్టినట్టే. వీధిలో వాళ్లు పక్కకి తప్పుకుని నడిచేవాళ్లు. అమ్మ మాత్రం అలవాటుపడిపోయి, వర్షంలో పనిచేసుకునే మనిషిలా తన పని తను చేసుకునేది. నాయనమ్మ మెత్తబడేది ఒక్క నాన్న దగ్గరే. తాతయ్య చిన్నవయసులోనే పోతే, ఆ నాలుగెకరాల పొలం చెక్కా అమ్ముకోకుండా కొడుకుని పెంచుకొచ్చిన మనిషి. నాన్న చేలో నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ఇద్దరికీ ఎదురెదురుగా పీటలు వేయాలి. ఆవిడ తిన్నా తినకపోయినా, ఆయన తినే ముద్ద ముద్దకీ మొహంలోకి చూస్తూ కూర్చునేది. తల్లీకొడుకులు పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. ఆ పీటలే వాళ్ల మాటలు.

కొత్త రకం పత్తి మా ప్రాంతానికి వచ్చిన తొలి సంవత్సరాలవి. పంట విరగబడి కాసేది, పురుగూ అంతకంత విరగబడి వచ్చేది. ఒక వారం మందు కొట్టకపోతే కాయలన్నీ డొల్ల. నాన్న వీపుకి పంపు కట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, పొద్దున్నే మందు కొట్టి వచ్చేవాడు. కొట్టిన ప్రతిసారీ ఇంటికి రాగానే, ఈ పూట ఫలానా చెక్కలో కొట్టాను, అటునుంచి గోంగూర గానీ బుడమకాయలు గానీ తేవద్దు అని అమ్మకీ, నాయనమ్మకీ, పత్తి తీతకి వచ్చే ఆడవాళ్లకీ పేరుపేరునా చెప్పేవాడు. అలా చెప్పకుండా ఆయన మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు. నాయనమ్మకి ఈ భయం నచ్చేది కాదు. "నా చేలో కాయ నన్ను చంపుద్దంట్రా" అని వెక్కిరించేది. వెక్కిరించినా, కొడుకు వద్దన్న పక్క నుంచి కాయ తెప్పించుకునేది కాదు.

ఆ ఏడు నాగులచవితి వెళ్లిన రెండు మూడు రోజులకి అనుకుంటాను. పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉండటంతో నాన్న మందు కొట్టే పని మానుకుని గొడ్ల పనిలో పడ్డాడు. మధ్యాహ్నానికి మబ్బు తేలిపోయి ఎండ కాసింది. పురుగు మీద పురుగుగా ఉంది, రేపటికి ఆగితే దక్కదని పంపు ఎత్తుకుని పై చెక్కకి వెళ్లాడు. సగం కొట్టేసరికి మందు అయిపోయింది. ఇంకో డబ్బా కోసం ఇంటికి రాకుండా, అడ్డదారిన రోడ్డెక్కి, అటునుంచి అటే చిలకలూరిపేటకి బస్సెక్కాడు. చీకటి పడేలోపు వచ్చేస్తాను కదా, వచ్చాక చెప్పొచ్చు కదా అనుకున్నాడు. కింది చెక్కలో పత్తి తీస్తున్న ఆడవాళ్లకి ఈ సంగతి తెలియదు. మందు వాసన రాలేదా అంటే, ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఆ వాసనే. అన్నం కంచంలో కూడా అదే వాసన. ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

పత్తి తీతకి వచ్చేవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. నాయనమ్మ ఈడుదే. ఇంటికి పోయేటప్పుడు దారిలో దొరికిన బుడమకాయలన్నీ ఒడిలో వేసుకొచ్చి నాయనమ్మకి ఇవ్వడం ఆవిడ అలవాటు. ఆ సాయంత్రం పై చెక్క మీదుగా నడిచి వస్తూ, నిండు ఒడితో వచ్చి మా వసారాలో కుమ్మరించింది.

"పెద్దమ్మా, ఇయ్యాల బాగా దొరికినయ్. నీకోసవే ఏరుకొచ్చా" అంది.

నాయనమ్మ మొహం విప్పారింది. నేను చేట పట్టుకుని కుడి పక్కన కూర్చున్నాను. మొదటి కాయ తుడిచింది, కొరికింది, ఉమ్మింది, ఎడమ పక్కకి వేసింది. రెండోదీ ఎడమకే. మూడోదీ అంతే. నా చేట ఖాళీగానే ఉంది. "ఇదేం చేదే, ఎప్పుడూ చూడని చేదు" అని గొణుక్కుంటూ ఇంకోటి తీసింది. వంటింట్లో నుంచి అమ్మ, "పోనీండత్తయ్యా, ఈ పూటకి పప్పు వండేస్తా" అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"ఒడినిండా మోసుకొచ్చిన మనిషి ముందర అన్నీ పారబోయమంటావా? ఒక్కటన్నా మంచిది లేకుండా పోద్దా" అంది.

ఒక్కటైనా మంచిది దొరుకుతుందని కాయ మీద కాయ కొరుకుతూనే పోయింది. తుడవడం, కొరకడం, కళ్లు చిన్నవి చేయడం, ఉమ్మడం. నేను ఆబగా ఒక కాయ అందుకోబోతే చేతి మీద చరిచి, "నువ్వు నోట పెట్టమాక, ఇయ్యి బాగలేవు" అంది. ఆ ధ్యాసలో చరుపు కూడా గట్టిగా తగల్లేదని నాకు బాగా గుర్తు. కుప్ప అయిపోయేసరికి నా చేటలో ఒక్క కాయ కూడా పడలేదు. ఆవిడ గోడకి తల ఆనించి, నోరు తిమ్మిరెక్కినట్టుందని కాసిని మజ్జిగ అడిగింది. అమ్మ మజ్జిగ తెచ్చేలోపే నోటివెంట చొంగ కారడం మొదలైంది. ఒళ్లంతా చెమట. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి మజ్జిగంతా చీర మీద ఒలికింది.

ఊళ్లో ఆరెంపీ డాక్టరు వచ్చి, కనురెప్ప ఎత్తి చూసి, ఇది పురుగుమందు, నా వల్ల కాదు, తక్షణం గుంటూరు తీసుకెళ్లమన్నాడు. పక్కింటివాళ్ల ట్రాక్టరు తొట్టిలో పత్తి పరిచి నాయనమ్మని పడుకోబెట్టారు. అమ్మ ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్నూ తమ్ముణ్ణీ పక్కింట్లో వదిలారు కాబట్టి దారిలో జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. పేట రోడ్డు మలుపులో నాన్న ఎదురయ్యాడట, చేతిలో కొత్త మందు డబ్బాతో నడిచి వస్తూ. ట్రాక్టరు ఆపితే తొట్టిలోకి తొంగి చూశాడు. అమ్మ బుడమకాయల సంగతి చెప్పింది. ఆయన అడిగింది ఒక్క మాటే.

"ఏ చెక్కవి?"

"పై చెక్కవంట" అంది అమ్మ.

ఆయన డబ్బాతోనే తొట్టి ఎక్కి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఒడిలో పెట్టుకునే గుంటూరు దాకా కూర్చున్నాడట.

నాయనమ్మ బతికింది. ఆవిడ ఆ కాయల్ని కొరికి కుడి పక్కన వేసి ఉంటే ఆ రాత్రి మా ఇంట్లో అందరం ఆ పచ్చడే తినేవాళ్లమని ఊరంతా అనుకుంది, ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పత్తి తీసే పెద్దావిడ మాత్రం చాలా రోజులు మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, నాయనమ్మ కనపడేదాకా నిలబడి వెళ్లిపోయేది. ఒకనాడు నాయనమ్మే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పెట్టున తిట్టింది, నువ్వేమన్నా మందు కొట్టావటే, ఎందుకే ఆ దొంగ చూపులు అని. ఆ తిట్లు విన్నాక గానీ ఆవిడ కడుపునిండా ఏడవలేదు.

అయితే ఆసుపత్రి నుంచి వచ్చిన నాయనమ్మకి నోరు లేదు. మాట ఉంది, రుచి పోయింది. పాలు చేదన్నది. అన్నం చేదన్నది. నాలుక మీద బెల్లం ముక్క పెడితే, ఇదేం బెల్లమే వేపాకు ముద్దలా ఉంది అని ఉమ్మేసింది. అమ్మ అలవాటు కొద్దీ దోసకాయ కోసి చిన్న ముక్క ఆవిడ ముందుకు తీసుకెళ్లి, గుర్తొచ్చి, అదే నడకన వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత అమ్మే చేదు చూడటం మొదలుపెట్టింది. ఎదురుగా కాదు, పొయ్యి వైపు తిరిగి, వీపు అడ్డం పెట్టుకుని. వసారాలో కూర్చున్న నాయనమ్మకి కత్తిపీట చప్పుడు ఆగడం, మళ్లీ మొదలవడం వినిపించేది. ఆ ఆగిన క్షణంలో ఏం జరుగుతోందో ఆవిడకి తెలియదా. పెళ్లిళ్ల గంగాళాల నుంచి చిన్న గిన్నెలు రావడం కూడా ఆగిపోయింది.

అంతకంటే పెద్ద నష్టం వేరే జరిగింది. నాన్న తల్లి ఎదురుగా కూర్చుని తినడం మానేశాడు. పని ఉందనేవాడు, చేలోకే క్యారేజీ పంపమనేవాడు, లేకపోతే ఆవిడ పడుకున్నాక వచ్చి వంటింట్లో నిలబడే నాలుగు మెతుకులు తినేవాడు. మందు కొట్టడం మానలేదు, మానితే పంట లేదు, పంట లేకపోతే మేము లేము. కొట్టి వచ్చిన రోజు మాత్రం ఇంట్లోకి రాకుండా గొడ్లపాకలోనే పడుకునేవాడు. నాయనమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. అంత నోరున్న మనిషి అనకపోవడమే ఆయనకి శిక్ష అయింది. రోజూ రెండు పీటలూ వేయించి, కూర్చుని, ఎదురు పీట ఖాళీగా ఉండగానే కంచం జరిపేసి లేచేది. ఒకరోజు అమ్మతో అనగా విన్నాను.

"వాడు నా ఎదురుగా కూచ్చోని ముద్ద తిని ఎన్నాళ్లయిందే కోడలా. నాకు రుచి పోతే పోయిందిలే, వాడెందుకట్టా ఎండుతున్నాడు" అంది.

ఆ మాట అమ్మ నాన్నకి చేరవేసిందో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు తొలకరికి నాన్న ఒక పిచ్చి పని చేశాడు. పత్తి వేయని ఊరేదో వెతుక్కుని వెళ్లి, జొన్నచేలో రాలిన బుడమ గింజలు ఏరుకొచ్చి, మా పెరట్లో గడ్డివామి వెనక విత్తాడు. చుట్టూ తుమ్మకంప కట్టాడు. ఎండ ముదిరితే బిందెలతో నీళ్లు పోసేవాడు. పంపు కట్టుకున్న రోజున ఆ కంప దరిదాపులకి కూడా పోయేవాడు కాదు. తనంతట తాను మొలిచే కలుపు తీగకి పాదులు చేయడం మా ఊళ్లో ఎవరూ కని విని ఎరుగరు. దారినపోయేవాళ్లు ఆగి, "ఏరా, రేపు పల్లేరుకాయలక్కూడా ఎరువేస్తావా" అని వేళాకోళం చేసేవాళ్లు. నాన్న నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. తీగ మీద వాలిన పురుగుల్ని చేత్తో ఏరి బూడిదలో వేసేవాడు.

కార్తీకమాసంలో కాయలు దిగాయి. ఒక మధ్యాహ్నం నాన్న చేటనిండా కోసుకొచ్చి నాయనమ్మ ముందు పెట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నేనూ తమ్ముడూ ఆట మానేశాం. నాయనమ్మ చాలాసేపు ఆ కాయల్ని చూసింది. తర్వాత ఒకటి తీసుకుని చీర చెంగుకి తుడిచింది. తొడిమ దగ్గర కొరికింది. కళ్లు చిన్నవి చేసింది. ఎప్పుడూ ఉమ్మే మనిషి ఆ రోజు ఉమ్మలేదు, నమిలి మింగింది.

"బాగుందిరా" అంది. "కమ్మగా ఉంది. కోడలా, నూరు."

ఒక్కొక్కటీ కొరికి, ఒక్కొక్కటీ కుడి పక్కకే వేసింది. ఎడమ పక్కకి ఒక్క కాయ కూడా పడలేదు. నాన్న మొహం చేతులతో కప్పుకుని అక్కడే కూలబడ్డాడు. పెద్ద మగవాడు ఏడవడం నేను చూడటం అదే మొదలు.

అమ్మ చేట లోపలికి తీసుకెళ్లింది, వెనకే నేనూ వెళ్లాను. ఒక కాయ కోసి, అలవాటుగా ముక్క నాలుకకి తగిలించి, అలాగే ఆగిపోయింది. నాకేసి చూసింది. నేను ఇంకో కాయ కొరికాను. కటిక చేదు. మరోటి కొరికితే అదీ అంతే. అడవి తీగకి ఆ పెరటి మన్ను పడలేదో, బిందెల నీళ్లు పడలేదో, విత్తనమే అంతో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ అన్నీ తరిగేసింది. పచ్చిమిరపకాయలు మామూలుకంటే ఎక్కువ వేసింది, చింతపండు ఎక్కువ వేసింది, మా ఇంట్లో ఆ పచ్చడికి ఏనాడూ వేయని బెల్లం కూడా వేసింది. అయినా చేదు చేదే. అన్నంలో నెయ్యి ఎక్కువగా పోసుకుని తినమని మాకు మెల్లగా చెప్పింది.

ఆ పూట రెండు పీటల మీదా ఇద్దరూ కూర్చున్నారు. ఏడాది తర్వాత. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఆయన దవడ ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. ఆయన తల ఎత్తలేదు. నమిలి, మింగి, "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. తమ్ముడు నోరు తెరవబోతే అమ్మ తొడ మీద గిల్లింది, వాడు కళ్లనీళ్లతోనే తిన్నాడు. అమ్మ తిన్నది, నేను తిన్నాను. నాయనమ్మ కొడుకు మొహంలోకి చూస్తూ, పూర్వంలాగే ముద్ద ముద్దకీ చూస్తూ, కంచం ఖాళీ చేసింది. గిన్నె అడుగు కనిపించేదాకా ఎవరూ లేవలేదు.

నాన్న చేలోకి వెళ్లిపోయాక నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, ఓ బెల్లం ముక్క తెచ్చిపెట్టమంది. తెచ్చి ఇస్తే బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. బెల్లం తియ్యగా ఉందా నాయనమ్మా అని అడిగాను. "బెల్లం తియ్యగా లేకపోతే ఉప్పగా ఉంటదా" అంది. ఎప్పుడు తిరిగొచ్చిందో ఆ నాలుకకి రుచి, ఎన్నాళ్లనుంచి దాచుకుందో, లేక ఆ పూటే వచ్చిందో, ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. జీవితంలో ఒక్క చేదుకాయని కూడా మంచిదని అనని మనిషి, ఆ రోజు చేటెడు కాయల్ని మంచివంది. నోటి చేదు పోగొట్టుకోవడానికి కొడుకు గుమ్మం దాటేదాకా ఆగింది.

ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ ప్రతి తొలకరికీ నాన్న ఆ తీగ వేశాడు. ప్రతి ఏడూ చేదే కాసింది. ప్రతి ఏడూ ఆవిడ బాగుందంది, మేమందరం తిన్నాం. నాన్న మళ్లీ ఎన్నడూ ఎదురు పీట ఖాళీగా ఉంచలేదు. నాయనమ్మ పోయిన ఏడు గడ్డివామి వెనక కంప తీసేశాడు.

ఇప్పుడు ఆ చేలో బుడమ తీగ కాదు గదా గడ్డిపోచ మొలవదు, దానికీ ఒక మందు వచ్చింది. అంగళ్లలో కాయలన్నీ ఒకే కొలతలో, ఒకే రుచిలో వస్తున్నాయి. మా ఇంట్లో అందరూ తలో వేళ తింటారు, ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని మొహం మీదే చెబుతారు. అది తప్పని అనను, నిజం చెప్పడం మంచిదే. కానీ ఒక మనిషి మనసు కుదుటపడటం కోసం ఇల్లంతా కలిసి చేదు మింగడం అనేదాన్ని ఈ పిల్లలకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నాన్న వెళ్లిపోయాడు, అమ్మ వెళ్లిపోయింది, పోయినేడు తమ్ముడూ వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఎన్నో కబుర్లు చెప్పుకున్నాం, ఎన్నో పండగలు కలిసి చేసుకున్నాం, కానీ ఆ పచ్చడి చేదని ఒకరితో ఒకరం ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎప్పుడో తీరిగ్గా, నవ్వుకుంటూ అనుకోవచ్చులే అనుకున్నాను. ఆ రోజు ఆ గిన్నె ఖాళీ చేసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. అది చేదుగా ఉందని చెప్పుకుందామంటే, అవునని తలూపే మనిషి ఈ లోకంలో లేరు.